సరి తేదీ ముహూర్తం

గ్యోక్‌లన్ అవ్వకు బేసి తేదీలంటే గిట్టదు. ఆమె చిన్నతనంలో ఎదురుగా ఉన్న చైనా తీరం నుంచి వాళ్ళుండే జిన్‌మెన్ ద్వీపం మీద ఫిరంగిగుళ్ళు పడటం మొదలైంది. ఇరవై ఏళ్ళు పడ్డాయి, అదీ బేసి తేదీల్లోనే. అటువాళ్ళు ముందే చాటి మరీ కాల్చేవారు. కోతలూ పెళ్ళిళ్ళూ శవయాత్రలూ అన్నీ సరి రోజున, బేసి రోజున నేలమాళిగలో కూర్చోవడం. ఆమె తమ్ముడు ఒక్కసారి తేదీ మరిచి ఒడ్డున ఆల్చిప్పలు ఏరడానికి వెళ్ళాడు. తిరిగి రాలేదు.

అందుకే మనవరాలు సియోక్‌హుయి పెళ్ళికి గుళ్ళో పూజారి పదిహేడు మంచిదంటే, అవ్వ పట్టుబట్టి పద్దెనిమిది పెట్టించింది. వరుడు కియాన్‌బూది ఎదురు తీరమే, షియామెన్. పెళ్ళిరోజు పొద్దున్నే వచ్చి వధువును తీసుకెళ్ళాలి. పడవలో అరగంట. ఈ కాలంలో కూడా ఈ చాదస్తమేంటని పిల్ల విసుక్కుంది గానీ, పెద్దదాని మాట తీసెయ్యలేకపోయింది.

పదిహేడున పడవలు మామూలుగానే తిరిగాయి. పద్దెనిమిది తెల్లవారేసరికి జలసంధిలోకి అమెరికా యుద్ధనౌక వచ్చింది, చైనా వాళ్ళు విన్యాసాలు మొదలుపెట్టారు, పడవలు ఆగిపోయాయి. అమెరికాకు పెద్దరికం పోతుందని భయం, చైనాకు అది ఇంకా చేతికి రాలేదని ఉక్రోషం. ఇరవై బల్లలకు వండిన భోజనం చుట్టాలు తిని వెళ్ళారు.

పిల్ల ఎర్ర పెళ్ళిబట్టలు మడత పెట్టింది, ఏడవలేదు. అవ్వకు అదే ఎక్కువ బాధ.

"తప్పు నాదేనే తల్లీ. అప్పట్లో చెప్పి కొట్టేవాళ్ళు. వీళ్ళకా మర్యాద కూడా లేదని నాకేం తెలుసు?"

"నువ్వేం చేస్తావులే అవ్వా," అంది పిల్ల నీరసంగా.

ఇరవై మూడున షియామెన్‌కు ఒక్క పడవ వదులుతారని రేవు నుంచి కబురొచ్చింది. తిరుగు పడవలో తనే వస్తానని కియాన్‌బూ ఫోన్ చేశాడు. తిరుగు పడవ ఉంటుందో లేదో రేవులో ఎవరూ చెప్పలేదు. వరుడు రాకుండా వధువు తనంతట తను బయల్దేరితే ఊరు నవ్వుతుందని పిల్ల తటపటాయించింది.

"నవ్వితే నవ్వనీ. ముందు పడవెక్కు," అంది అవ్వ, పెట్టె తనే ఎత్తుకుంటూ.

అవ్వ దగ్గర అటు వెళ్ళే కాగితాలు లేవు. గేటు దగ్గర పెట్టె అందించి, పిల్ల కాలరు సవరించింది. మళ్ళీ ఎప్పుడొస్తావని అడగాలనిపించింది. అడిగితే పిల్ల ఆగిపోతుందని భయమేసి, తొందరగా నడవమని వీపు మీద తట్టింది.