మూతవడిన కళాశాల ముచ్చటలు

ఆషాఢమాసారంభమున తూర్పుకనుమల శిఖరములను గ్రమ్ముకొని మత్తగజయూథములవలె కదలివచ్చిన నీలమేఘమాలికలు నాగావళీసైకతములపై తొలిచినుకులు చిలుకరింపగా నెఱ్ఱెలువిచ్చిన వరిమళ్ళనుండి మృత్తికాసౌరభ మెగసి దారినపోవు పశువులకు సైతము హర్షోత్సాహములు గొల్పుచుండెను. నీలాడవలస కళాశాలయొద్ద మాత్రము హర్షించువారు లేరు. అది విద్యార్థులు గుమిగూడవలసిన మాసము. గుమిగూడినవి మేఘములే. ఇనుపద్వారమున పెద్దతాళ మొకటి వ్రేలాడుచు వానకు తడియుచుండెను.

ఆ కళాశాలయందు ముప్పదియేండ్లు అలంకారశాస్త్రము బోధించి పదవీవిరమణానంతరమును దాని విడువనొల్లని టంకాల గౌరీశ్వరరావు ద్వారపార్శ్వమందలి కావలిగది యరుగుపై కూర్చుండి యా తాళమును చూచుచుండెను. 'ఛాత్రచంద్రిక' యను కళాశాలాపత్రికకు సంపాదకు డాతడే. ఖరగ్‌పూర్ రైలుకర్మాగారమునను భిలాయి యుక్కుకొలుములచెంతను విశాఖ యోడరేవునను పొట్టకూటికై చెదరిపోయిన పూర్వవిద్యార్థులకు ఏటికి రెండుమూడుమార్లు ప్రాంగణవిశేషముల నందజేయుట యా పత్రిక వ్రతము. వారికి దుఃఖవార్త యొక్కటియు పంపరాదనుట సంపాదకుని వ్రతము. ఈ రెండవ వ్రతమే కొంప ముంచినది.

గ్రంథాలయపు పైకప్పు కూలి పుస్తకములు నానిపోయిన యేడు "మన గ్రంథాలయము నవవర్షధారాభిషిక్తమై పులకించినది" అని యాతడు వ్రాసెను. వసతిగృహమునకు కూడుపెట్టలేక పాలకులు దానిని మూసివేసిన యేడు "వసతిగృహమున మునివాటికాప్రశాంతి వెలసినది" అని వ్రాసెను. అందు అక్షరమక్షరము మధురము. అక్షరమక్షరము అబద్ధము. దూరదేశములందు చదివినవారు పత్రికను కన్నుల నద్దుకొని తల్లి బాగున్నదని తలచి నిశ్చింతగా నిద్రించిరి.

మాఘమున పాలకులు కళాశాలను మూసివేయనెంచి అభ్యంతరము లున్న తెలుపుడని గోడపై నోటీసు నంటించి రెండుమాసములు గడువొసగిరి. అప్పుడైనను నిజము వ్రాయవచ్చును గదా! కలము పట్టెను. తన చేతుల మీద పెరిగిన సంస్థ దిక్కులేక చచ్చుచున్నదని తన చేతితోనే వ్రాయుటకు సిగ్గుపడి "నూతనాధ్యాయము తెరువబడనున్నది" అని వ్రాసి పంపెను. అభ్యంతరము తెలిపినవాడు లేడు. వైశాఖమున తాళము పడెను. జ్యేష్ఠమున ఛాత్రచంద్రిక యథాప్రకారము వెలువడెను. అందు కళాశాల పూలతోటలతో క్రొత్త తరగతులతో కళకళలాడుచునే యున్నది.

అట్టి పత్రికను నమ్మి యానాడు వానలో నొక ఆటో వచ్చి ద్వారముకడ నిలిచెను. దిగినవాడు బెండి తవిటినాయుడు. ఒకనాటి గౌరీశ్వరరావు శిష్యుడు. ఖరగ్‌పూర్ కర్మాగారమున ఇనుము కాల్చియు సమ్మెలకు ముందు నిలిచియు తల నెరసి విరమించినవాడు. ఇనుపపెట్టె మోసికొని వెనుక దిగినది యతని మనుమరాలు సువర్చల. వంగదేశమున పుట్టి పెరిగి తెలుగుబడి మొగ మెఱుగని యా బాలిక తాత చదువుకొను ఛాత్రచంద్రికలోనే అక్షరములు కూడబలుకుకొని తెలుగు చదువ నేర్చినది. చదువుకొన్నచో ఆ కళాశాలయందే చదువుకొందునని పట్టుపట్టి వచ్చినది.

"మాస్టారూ, గుర్తుపట్టినారా? తవిటినాయుణ్ణి! ఎనక బెంచీలో కూకునీవోణ్ణి. మీ సుద్దముక్క దెబ్బలన్నీ నావే" అని నవ్వుచు నాయుడు పాదములంటెను. "ఇదిగో, మా మనవరాలు. మీకొప్పజెప్పీసి పోదామనొచ్చినాను. తాళమేటండి, ఇయ్యాల ఏ పండగ?"

"నాయనా, ప్రస్తుతము కళాశాలకు కించిద్విరామము..." అని గౌరీశ్వరరావు నోట నలవాటైన వాక్యమే వెడలెను.

సువర్చల యప్పటికే గోడచెంతకు పోయి వానకు నాని సగమూడిన నోటీసును చదువుచుండెను. తిరిగివచ్చి, "ఇరామం కాదు తాతా. మూసేసినారు. మరి మొన్నొచ్చిన పుస్తకంలో ఆ పూలతోటేటి, ఆ కొత్త తరగతులేటి? ఎవులు రాసినారవి?" అని యడిగెను.

"నేనేనమ్మా."

తవిటినాయుని మొగమున నవ్వు మెల్లమెల్లగా నారిపోయెను.

"అక్కడ సీటొదిలేసొచ్చినాం మాస్టారూ. గడువు మొన్నతో అయిపోనాది. దీనికి ఏడాది పోయింది. అది సరే. తల్లికి జబ్బు సేసిందని ఒక్క ముక్క రాస్తే మీ సొమ్మేటి పోయింది? కార్ఖానాలో నలబైమందిమున్నాం, ఈ బళ్ళో సదివినోళ్ళం. బండెక్కి వచ్చీసి ఈ గేటుకడ్డంగా పడుకునీవోళ్ళం. రైళ్ళాపినోళ్ళం మాస్టారూ! ఈ తాళం ఆపలేకపోదుమా?"

"మీ మనసులు నొచ్చునని..."

"నొప్పెట్టనీండి! నొప్పెడితేనే కదా పరిగెట్టుకొచ్చీది!"

వృద్ధుడు తల వంచుకొని సువర్చల పెట్టె నందుకొనబోయి, "అమ్మా, నీ యేడాది వృథా కానీయను. మా యింట నుండుము. ఈ యరుగుపైననే నీకు పాఠములు చెప్పెదను" అని బతిమాలుకొనెను.

బాలిక పెట్టెను విడువలేదు. ఆమె కన్నులలో కోపము లేదు. అది యుండిన నాతడు తాళియుండును.

"వద్దండి మాస్టారూ. మీ తెలుగు సానా బాగుంటాది. అందుకే బయమేస్తంది."

తాతయు మనుమరాలును మరల ఆటో నెక్కిరి. తవిటినాయుడు వెనుదిరిగి చూడలేదు. సువర్చల యొకసారి చూచెను గాని ఆమె చూచినది గురువును గాదు, కటకటాలవెనుక తనకు దక్కకపోయిన కళాశాలను.

పెద్దలు సిగ్గుపడి దాచిన సత్యమునకు వెల చెల్లించువారు పిన్నలు. ఈ వెల యే సంపాదకుని జీవితమును అమ్మినను తీరునది గాదు. ఆశీర్వదింప చాచిన హస్తమును దింప మఱచి గౌరీశ్వరరావు నిలిచియుండగా ఆటో మలుపు తిరిగి మఱుగయ్యెను. తెరచిన యా యరచేత ఆషాఢవర్షము నిండుచు కాఱుచు, కాఱుచు నిండుచు నుండెను.