నలభై ట్యాబుల్లో ఒక గొంతు

ఈ సంగతి నాకు మొదట చెప్పినవాడు జానయ్య. ఎల్‌బీ నగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా షేర్ ఆటో నడుపుతాడు. మనిషికి వాగుడు ఎక్కువే కానీ అబద్ధం ఆడడు. ఆ తర్వాత నలుగురు నాలుగు రకాలుగా చెప్పారు. వాళ్ళెవరూ ఆ రోజు బడిలో లేరు. కోడిగుడ్ల ట్రేలు దించడానికి వెళ్ళిన జానయ్య ఉన్నాడు. అందుకని అతను చెప్పినట్టే చెబుతున్నాను. మధ్యలో ఎవరూ అడ్డు రావద్దు.

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల బోర్డుల వెనక ఒక చిన్న సర్కారు ప్రైమరీ బడి. అక్కడ మధ్యాహ్నం అన్నం వండేది సుమిత్రమ్మ. నల్లగొండ వైపు మనిషి. ఎనిమిదింటికల్లా వచ్చి, పొయ్యి తుడిచి, బియ్యంలో రాళ్ళు ఏరి ఎసరు పెట్టేది. బియ్యం డ్రమ్ములున్న గదికే గట్టి తాళం కాబట్టి పిల్లల ట్యాబులూ అందులోనే ఉండేవి. నలభై ఒకటి. వాటిని కొంగుతో తుడిచి, వెనక అంటించిన బొమ్మను బట్టి ఎవరిది వాళ్ళకు ఇచ్చేది. నెమలి బొమ్మ ఎవరిది, కొబ్బరికాయ బొమ్మ ఎవరిది, ఒక్కసారి కూడా తప్పలేదు. ఆమెకు అక్షరాలు రావు.

ఆ ట్యాబుల్లో చదువు నేర్పే ప్రోగ్రామ్ ఒకటి ఉండేది. తెర మీద వాక్యం వస్తుంది, పిల్ల పైకి చదవాలి, ట్యాబు వింటుంది. సరిగ్గా చదివితే పేరు పక్కన పచ్చ చుక్క, తడబడితే ఎర్ర చుక్క. ఎర్ర చుక్క పడ్డ పిల్లకు అదే వాక్యం విసుక్కోకుండా పదిసార్లు చెప్పేది. మంచి వస్తువే. నేర్పడానికి దానికి కొంచెం టైము కావాలి, అంతే.

ఆ టైము హెడ్మాస్టర్ వెంకట్రావుకు లేకపోయింది. చుక్కలన్నీ ఆఫీసులో పైవాళ్ళకు కనిపిస్తాయి. బడి మొత్తం పచ్చగా ఉంటే ఆయనకు జిల్లా టీచర్లందరికీ పాఠం చెప్పే పోస్టు వస్తుంది. అందుకని ఐదో తరగతి జ్యోతికను పిలిచాడు. సుమిత్రమ్మ మనుమరాలు. బడిలో ఆ పిల్లలా చదివేవాళ్ళు లేరు.

"చూడమ్మా, మిగతా నలభై మంది పేర్ల మీద కూడా నువ్వే చదివెయ్. వాళ్ళకు రేపో మాపో ఎలాగూ వస్తుంది కదా" అన్నాడు.

సారు చెప్పాడని పిల్ల చదివింది. పదో ట్యాబుకు గొంతు సన్నబడింది. ముప్పయ్యో ట్యాబుకు గుసగుస అయింది. నలభయ్యోది అయ్యేసరికి నోట్లోంచి గాలి తప్ప మాట రాలేదు. ఏ ట్యాబులో చదివిన గొంతు ఆ ట్యాబులోనే ఉండిపోయింది.

మలక్‌పేట దవాఖానలో డాక్టరమ్మ టార్చి వేసి చూసింది. "గొంతు ఇక్కడ లేదమ్మా. ఎక్కడ వదిలొచ్చారో అక్కడి నుంచే తెచ్చుకోండి" అని చీటీ మీద అదే రాసిచ్చింది.

సుమిత్రమ్మ ఆ చీటీ పట్టుకుని హెడ్మాస్టర్ గదికి పోయింది.

"సారూ, మా పోరి గొంతు మీ ట్యాబులల్ల ఉండిపోయింది. జర ఇప్పియ్యుండ్రి."

"ఇప్పుడా? పైవాళ్ళు చూడ్డానికి వస్తున్నారమ్మా. అది అయిపోయాక చూద్దాం."

"గంతదాక పిల్ల మాట్లాడకుండ ఎట్లుంటది సారూ? ఆకలైనా చెప్పలేకపోతుంది."

"సైగ చేస్తుందిలే! అక్షరం ముక్క రానిదానివి, నాకు చెప్పొచ్చావా? వెళ్ళి పప్పు చూసుకో, అడుగంటుతోంది."

పప్పు అడుగంటలేదు. పదేళ్ళలో ఆమె చేతి పప్పు ఒక్కనాడూ అడుగంటలేదు. అక్షరం రాదన్న మాట, పప్పు మాట, ఈ రెండింట్లో ఏది ఎక్కువ గుచ్చుకుందో జానయ్య చెప్పలేదు. నన్నడిగితే పప్పు మాటే అంటాను.

ఆ తర్వాత వంట చేస్తున్నంతసేపూ ఏదో ఒక ట్యాబు పక్కన పెట్టుకుని నొక్కేది. "మేక గోడ ఎక్కింది. గోడ మీద ఎండ ఉంది. మేక దిగలేదు" అని మనుమరాలి గొంతు పలికేది. పిల్లేమో ఎదురుగా కూర్చుని చిక్కుడుకాయలు గిల్లుతూ వినేది.

ఒకరోజు కుక్క ఒకటి గిన్నెలో మూతి పెట్టబోయింది. "ఛీ పో!" అని సుమిత్రమ్మ అరిచింది. తెరిచి ఉన్న ట్యాబు ఆ మాటను లాక్కుంది. అదే క్షణాన జ్యోతిక నోట "మేక" అన్న మాట బయటికి వచ్చింది. ఒక్క మాటే. అప్పటి నుంచి సుమిత్రమ్మ ఏ కుక్కనూ ఛీ పో అనలేకపోయింది, చేయి ఊపేది. ఆమెకు లెక్క అర్థమైంది. ఇంకొకరి పేరు మీద ఎవరు చదివితే వాళ్ళ గొంతు లోపలికి పోతుంది, అంతకుముందు లోపలున్న గొంతు బయటికి వస్తుంది.

వాక్యాలన్నీ విని విని ఆమెకు నోటికి వచ్చేశాయి. తానే చెప్పేసి పిల్లను విడిపించుకోవచ్చు. జానయ్య అదే అన్నాడు.

"చెప్పెయ్యక్కా, పీడా పోతది."

"నా గొంతెందుకు పోవాలెరా? పిల్లను గిట్ల చేసినోడిది పోవాలె."

పైనుంచి ఉదయలక్ష్మి మేడమ్ వచ్చే రోజు రానే వచ్చింది. ఆ పొద్దున సుమిత్రమ్మ ఎప్పట్లాగే ట్యాబులు తుడిచింది. తుడుస్తూ ఒక్కోదాంట్లో కింది మూలనున్న గుండ్రటి బాణం నొక్కింది. కొత్త పాఠం మొదలుపెట్టినప్పుడల్లా సారు అదే నొక్కడం ఆమె చూసింది. పాత చుక్కలన్నీ పోయాయి. నలభై ఒక్క పేర్లూ తెల్లగా నిలబడ్డాయి. గొంతులు మాత్రం లోపలే ఉన్నాయి.

తొమ్మిదిన్నరకు వెంకట్రావు తెర చూసి కుర్చీలో కూలబడ్డాడు. పదకొండింటికి ఈ చుక్కల పట్టీ పైవాళ్ళకు పోతుంది. పోయాక ఇక ఎవరూ మార్చలేరు.

"జ్యోతికా! జ్యోతికా ఎక్కడ?"

"ఈడ్నే ఉంది సారూ. గొంతే లేదు" అంది సుమిత్రమ్మ గుమ్మంలో నిలబడి, గరిటె చేతిలో పట్టుకుని.

"మిగతా పిల్లల్ని చదివిస్తే సగం ఎర్ర చుక్కలే పడతాయి. ఏం చెయ్యమంటావు నన్ను?"

"మీరే చదువుండ్రి. మీకు రాదా ఏంది?"

మాట పనిచేసింది. ఆయన ట్యాబులు ముందేసుకుని, పిల్లల గొంతులా సన్నగా చేసి మొదలుపెట్టాడు. "మేక గోడ ఎక్కింది..." ఒక పచ్చ చుక్క. నల్లా దగ్గర జ్యోతిక "గోడ" అంది. ఇంకో పచ్చ చుక్క. "ఎండ" అంది. గుడ్ల ట్రే దించుతున్న జానయ్య ఆగి చూశాడు. లోపల గొంతు బొంగురుపోతున్న కొద్దీ బయట పిల్ల మాటలు కూడుకుంటున్నాయి. సారు తల ఎత్తలేదు. కళ్ళన్నీ ట్యాబులోని గడియారం మీదే.

నలభయ్యోది అయ్యాక నీళ్ళు అడగబోయాడు. నోరు తెరిచాడు. గాలి వచ్చింది.

"నానమ్మా, నాకు ఆకలైతుంది!" అని బయట జ్యోతిక కేక వేసింది.

అప్పుడు తెలిసింది ఆయనకు. సుమిత్రమ్మ వైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు.

"ఇంకొకటి మిగిలింది సారూ, మా పిల్లది. దాని పేరు మీద అదే చదువుకుంటది. ఇటియ్యుండ్రి" అని చేయి చాపింది.

వెంకట్రావు ఆ ట్యాబు తీసి కుర్చీలో పెట్టి, దాని మీద కూర్చున్నాడు. పదకొండు దాటేదాకా లేవలేదు. సుమిత్రమ్మ కుర్చీ గుంజింది, పిల్ల ఏడ్చింది, జానయ్య దండం పెట్టాడు. లేవలేదు. నోరు పోయినా ఆ మాత్రం పగ ఆయనకూ మిగిలింది.

ఉదయలక్ష్మి మేడమ్ వచ్చి పట్టీ చూసి మెచ్చుకుంది. రెండు మాటలు చెప్పమంది. ఆయన గొంతు చూపించి చేతులు తిప్పాడు. మేడమ్ ఒక ట్యాబు నొక్కితే "మేక దిగలేదు" అని వెంకట్రావు గొంతే పలికింది. ఆమె తల ఊపి పుస్తకంలో ఏదో రాసుకుంది. పాఠాలు చెప్పే పోస్టు వేరే ఆయనకు పోయింది. గొంతుతో పని లేని చోటని వెంకట్రావును పాడైన ట్యాబులు భద్రపరిచే గదికి పంపారు. ఇప్పుడూ అక్కడే ఉన్నాడు. బడిలో ఒకటో తరగతి పిల్లలు మేక పాఠం నొక్కి, ఆయన గొంతుతో పాటు తామూ చదివి, ఎవరి పచ్చ చుక్క వాళ్ళే తెచ్చుకుంటున్నారు. వాళ్ళల్లో ఎవరూ ఇంకొకరి పేరు మీద చదవరు. సుమిత్రమ్మ చదవనివ్వదు.

కానీ ఆ రోజు పోయిన పట్టీలో చుక్క లేకుండా మిగిలింది ఆ ఒక్క పేరే కాబట్టి "జ్యోతిక, చదవడం రాదు" అని పడింది. అది చూసి హైస్కూలు వాళ్ళు ఆ పిల్లను అక్షరాలు దిద్దుకునేవాళ్ళ వరుసలో కూర్చోబెట్టారు. ఏడాది అవుతోంది. సుమిత్రమ్మ మూడు ఆఫీసులు తిరిగింది. ఆ గుండ్రటి బాణం నొక్కింది నువ్వే కదా అని ఎవరూ ఆమెను అనలేదు. ఆమె తనే అనుకుంటోంది.

ఆ పట్టీ తెరిచే అధికారం ఎవరి చేతిలో ఉందో నాకు తెలియదు. ఉన్నవాళ్ళు ఇది విని ఊరుకోవద్దు. ఆ మాట కొట్టేసి, జరిగింది జరిగినట్టు రాయండి. నా మాట నమ్మి రాయొద్దు, జానయ్య మాట నమ్మీ రాయొద్దు. పిల్లను పిలవండి. మీ బల్ల మీదున్న కాగితం ఏదైనా సరే చేతికివ్వండి. చదివించండి. ఆఖరు దాకా కూర్చుని వినండి. విన్నాకే రాయండి.