మేకుకు వేలాడే పుస్తకం

ఆదివారం తెల్లవారుజామున ఎవరైనా మాట్లాడితే మా అత్తగారు ఎర్మెలిందాకు గిట్టదు. శనివారమంతా చిచా అనే మొక్కజొన్న కల్లు మడ్డిలో నానిన పంది మాంసం ఆ వేళకు మట్టికుండలో చివరి ఉడుకు ఉడుకుతూ ఉంటుంది. ఆమె మూత తీయదు. వంగి, కుండ పక్కన చెవి పెట్టి వింటుంది. వింటూనే నాకు చేత్తో సైగ చేస్తుంది. అంటే రొట్టెలు తెమ్మని.

ఆరింటికి మా వాకిట్లో కైమా పేట జనం ఎవరి గిన్నెలు వాళ్ళు పట్టుకుని వరుసగా నిలబడతారు. ఆ మాంసం కూరను, అంటే అదోబోను, ఇంటికి తీసుకుపోయేవాళ్ళు నిలబడతారు, ఇక్కడే తినేవాళ్ళు లోపల ఉన్న ఆరు బల్లల దగ్గర కూర్చుంటారు. కూర్చున్నవాడెవడైనా సరే, వాడి ముందు గిన్నె పెట్టాకే పేరడగాలి. ఇది మా అత్తగారి తల్లి పెట్టిన పద్ధతి. ఆవిడ నాటి నుంచి ఆ చిచా మడ్డి జాడీలో ఆరలేదు. ఒక ఆదివారం తప్పితే అది పుల్లబడుతుంది. రెండు తప్పితే పారబోయడమే.

ఆ రోజు వచ్చినతనికి ముప్పై ఏళ్ళు దాటి ఉంటాయి. నెత్తిన జుట్టు పలచబడింది. పసుపు కోటు వేసుకుని నేరుగా లోపలికొచ్చి గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు. అందుకే కోటు వెనక ఏం రాసి ఉందో మేము చూడలేదు. మా అత్తగారే గిన్నె తెచ్చి పెట్టింది. మూడు మొనల రొట్టెతో గిన్నె అడుగు దాకా తుడుచుకు తిన్నాడు. సోంపు సారా చుక్క వేసిన టీ తాగాడు. తింటున్నంతసేపూ పొయ్యినీ, కుండల్నీ, మూలనున్న సన్నెకల్లునీ చూస్తూ ఉన్నాడు.

తర్వాత లేచి వాకిట్లోకి వెళ్ళి సంచిలోంచి పెద్ద కాగితం తీసి మా తలుపుకు అంటించాడు. అప్పుడు కనిపించింది వీపు మీద పళ్ళెమంత అక్షరాలతో: బాకీ వసూలు. తలుపు మీది కాగితంలో ఇంకా పెద్ద అక్షరాలు: ఈ ఇంట్లో అప్పు ఎగ్గొట్టేవారు ఉన్నారు.

వరుసలో గవీనా ఉంది. లారీ మీద ఊళ్ళు తిరిగే మా ఆయన రూబెన్‌కు బాప్తిస్మం నాటి జ్ఞానతల్లి, ఆ వరసతో మా అత్తగారికి కొమాద్రె, మా పక్కింటావిడ. "ఏమయ్యా, మెక్కినదానికి డబ్బులేవీ?" అంది.

"ఈవిడ మాకు ఇవ్వాల్సినదాంట్లో కోసుకోమను, దోన్యా" అన్నాడతను.

వరుసలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. వాళ్ళలో వడ్రంగి దోన్ సాతుర్నీనో కూడా ఉన్నాడు. ఇరవై ఏళ్ళుగా మా చేతి అదోబో తింటున్న మనిషి. పసుపు కోటతను మడత కాగితం ఒకటి మా అత్తగారి చేతిలో పెట్టి, "మంగళవారం" అని వెళ్ళిపోయాడు. ఆమె కుండలో ఉన్నదంతా తలెత్తకుండా వడ్డించింది. చివరి గిన్నె నిండాక మూత పెట్టి, "వచ్చే ఆదివారం కుండ పెట్టను" అంది.

అప్పు నిజమే. వంటింటి కప్పు కోసం తీసుకున్నాం. ఏడు వాయిదాలు తప్పకుండా కట్టాం. తర్వాత నీళ్ళ గొట్టాల కోసమని మా వీధి తవ్వి రెండు నెలలు వదిలేశారు. గోతులు దాటుకుని గిన్నెలతో ఎవరొస్తారు? రెండు వాయిదాలు నిలిచిపోయాయి. మా అత్తగారు తనే వెళ్ళి గడువు అడిగింది. చూస్తామన్నారు. ఆ వారం నుంచే ఫోన్లు మొదలయ్యాయి. మాకే కాదు, గవీనాకూ చేశారు.

మడత కాగితం నేను చదివాను. పైన త్రాసు బొమ్మ, కింద గుండ్రని ముద్ర. మంగళవారం ఉదయం జప్తు. పొయ్యి, కుండలు, సన్నెకల్లు.

"సన్నెకల్లా?" అంది మా అత్తగారు. "నా బువ్వ తింటూ నా సన్నెకల్లు లెక్కేశాడా వాడు?"

మధ్యాహ్నానికి సామాను గవీనా ఇంట్లో దాచేద్దామని తేల్చారు. కుండలు వెళ్ళాయి. గంటెలు వెళ్ళాయి. ఇక మిగిలింది సన్నెకల్లు. అది రెండు గాడిదల బరువు. ఇల్లు కట్టకముందే దాన్ని పెట్టి దాని చుట్టూ గోడలు లేపారని మా ఇంట్లో చెప్పుకుంటారు.

"కొమాద్రె, నువ్వు గడ్డపార తొక్కు. నిల్దా, నువ్వు తొయ్యి" అంది మా అత్తగారు.

"నీ మొగుడుంటే వాణ్ణి తొక్కమందును" అంది గవీనా ఆయాసపడుతూ.

"వాడు బతికుంటే ఈ రాయి మీద కూర్చుని మనకు సలహాలు చెప్పేవాడు. తొక్కవే!"

గవీనా గడ్డపార మీదికెక్కి రెండు కాళ్ళతో ఎగిరింది. రాయి ఒక జానెడు కదిలి గోడకు గుద్దుకుంది. గోడ అదిరింది. పైన మేకుకు దారంతో వేలాడే ఫిర్యాదుల పుస్తకం జారి గవీనా నెత్తిన పడింది.

"అమ్మో! జప్తువాళ్ళు వచ్చేశారు!" అని అరిచింది గవీనా.

నవ్వొచ్చి ముగ్గురం నేల మీదే కూలబడ్డాం. నేను పుస్తకం దులిపి తెరిచాను. ఇన్నేళ్ళలో అందులో రాసింది ఒక్కడే. రాజధాని లీమా నుంచి వచ్చినాయన. గవీనా బలవంతం మీద పైకి చదివాను: "మాంసం కూరిన రొకోటో మిరపకాయ తిన్నాక రెండు గంటలు నా పెదవులు ఉన్నాయో లేదో తెలియలేదు. ముందే హెచ్చరించాల్సింది." దాని కింద మా అత్తగారు చెప్పగా నేను రాసిన జవాబు: "అయ్యా, అది రొకోటో. మీ పెదవులు తిరిగి వచ్చాయని ఆశిస్తున్నాను. మళ్ళీ వస్తే మీకు పాలలో నానబెట్టినది పెడతాం."

"లీమా మూతులు!" అంటూ గవీనా కళ్ళు తుడుచుకుంది.

మా అత్తగారు మాత్రం నవ్వు ఆపేసింది. "పిల్లా, వాడికి మనం జవాబెందుకు రాశాం?"

"రాయాలి గనక. పదిహేను పనిదినాల్లో జవాబు ఇవ్వకపోతే జరిమానా అన్నాడుగా తనిఖీ అతను."

"పుస్తకం ఎందుకు వేలాడదీశాం?"

"కొట్టు పెట్టినవాళ్ళందరికీ ఉండాలన్నాడు. అడిగిన వెంటనే ఇవ్వాలన్నాడు."

ఆమె లేచి గౌను దులుపుకుంది. "ఆరు బల్లలున్నదాన్ని, మిరపకాయ మండిందంటే నేను సంజాయిషీ రాసుకోవాలి. మరి మూడంతస్తుల మేడలో కూర్చుని అప్పులిచ్చేవాళ్ళు?"

గవీనా అప్పటికే వాకిట్లోకి ఉరికింది, తలుపు మీది కాగితం చింపడానికి. "ముట్టుకోకు!" అని మా అత్తగారు వేసిన కేకకు నేను కూడా అదిరిపడ్డాను. "ముందు ఫోటో తియ్యండి, తలుపుతో సహా. తర్వాత తడిపి, చిరక్కుండా ఊడదీయండి. అది నాక్కావాలి."

సోమవారం పొద్దున్నే పుస్తకం అట్ట వెనక అచ్చువేసిన నంబరుకు ఫోన్ చేశాను. వినియోగదారుల రక్షణ కార్యాలయంది. ఒకావిడ ఓపిగ్గా చెప్పింది. బాకీ మనిషి ఇంటికి బోర్డులు అంటించకూడదు. వింత బట్టలేసుకుని వచ్చి పరువు తీయకూడదు. శని, ఆదివారాల్లో గానీ, రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఏడు దాకా గానీ రాకూడదు, ఫోన్ చేయకూడదు. కోర్టు కాగితంలా కనిపించే కాగితం పంపకూడదు. జప్తు చేయమనేది న్యాయమూర్తి ఒక్కరే, అప్పిచ్చినవాళ్ళు కాదు. ముందు వాళ్ళ పుస్తకంలో రాసి, నకలు దగ్గర పెట్టుకోమంది. వాళ్ళు జవాబివ్వకపోతే, ఇచ్చినా సరిగ్గా లేకపోతే, ఆ నకలూ, ఫోటోలూ, ఫోన్లు వచ్చిన వేళలూ పట్టుకుని తమ దగ్గరికి రమ్మంది. "బాకీ మాత్రం బాకీయేనమ్మా" అని కూడా చెప్పింది.

మా అత్తగారు ఫోన్ లాక్కుంది. "కాదని ఎవరన్నారు తల్లీ? తీరుస్తాను. తలొంచుకుని కాదు, అంతే."

గడ్డి టోపీ పెట్టుకుంది. పండగ శాలువా కప్పుకుంది. తలుపు కాగితం చుట్టచుట్టి చంకలో పెట్టుకుంది. నేను వెంట నడిచాను.

అప్పు కార్యాలయంలో కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. కిటికీ దగ్గర గోళ్ళకు ఎరుపు రంగు వేసుకున్న అమ్మాయి తల ఎత్తకుండా, "వాయిదా కట్టడానికా?" అంది.

"ఫిర్యాదుల పుస్తకం ఇవ్వమ్మా."

ఆ అమ్మాయి తల ఎత్తింది. "దేనికి సెన్యోరా?"

"రాయడానికి."

"అది... మేనేజరు గారి గదిలో ఉంది. ఆయన లేరు. రేపు రండి."

"మా ఇంట్లోది మేకుకు వేలాడుతుంది. నేను లేకపోయినా అది ఉంటుంది." ఆమె గొంతు పెంచలేదు. కుండ దగ్గర మాట్లాడినట్టే మాట్లాడింది. "అడిగిన వెంటనే ఇవ్వకపోతే నాకు జరిమానా వేస్తామని తనిఖీ అతను మూడుసార్లు చెప్పాడు. మీకు చెప్పలేదా? చూడు, నీ వెనక గోడ మీద బోర్డు కూడా ఉంది. 'ఇక్కడ ఫిర్యాదుల పుస్తకం కలదు.' నాది చిన్నది. మీది ఎంత పెద్దదో!"

కుర్చీల్లో వాళ్ళు మాటలు ఆపారు. లోపలి తలుపు తెరుచుకుని ఒకతను చేతిలో కాఫీతో వచ్చాడు. పసుపు కోటు లేదు గానీ ఆ పలచటి జుట్టు నేను మరిచిపోలేదు.

"పెర్సీ, కాస్త చూడు ఈవిణ్ణి" అంది కిటికీ అమ్మాయి.

పెర్సీ మా అత్తగారిని చూశాడు. కాఫీ చేతిలోనే ఆగింది.

"అదోబో బాగుందా నాయనా?" అంది మా అత్తగారు.

అతను గొణిగాడు. "బాగుంది, దోన్యా."

"ఉప్పు సరిపోయిందా?"

"సరిపోయింది."

"మరి ఆ పుస్తకం తెచ్చిపెట్టు. నా ఇంట్లో నువ్వు అడక్కుండానే గిన్నె తెచ్చి పెట్టాను."

నిజంగానే తెచ్చాడు. మేనేజరు గదిలోంచి కాదు, కిటికీ కింది సొరుగులోంచి.

"నేను రాసిపెట్టనా, అత్తమ్మా?" అన్నాను. ఆమె బడికి వెళ్ళింది మూడేళ్ళే.

"ఇది నా నోటి మాట. నా చేతి రాతే ఉండాలి."

ఒక్కో అక్షరం నూరినట్టు రాసింది. ఆదివారం వచ్చారు. తలుపుకు కాగితం అంటించారు, ఇదిగో. కోర్టు కాగితంలాంటి కాగితం ఇచ్చారు, అదిగో. నా కొమాద్రెకు ఫోన్లు చేశారు. ఆఖర్న, "నాకేం కావాలి" అనే గడి దగ్గర చాలాసేపు ఆగి రాసింది: "నా వాకిట్లో ఈ పనులు ఆపాలి. రెండు వాయిదాలకు గడువివ్వాలి. అదోబో డబ్బులు పన్నెండు సోల్‌లు ఇవ్వాలి."

నకలు చించి నా చేతికిచ్చింది. మేము తలుపు దాటకముందే, ఒళ్ళో చంటిపిల్లనెత్తుకున్న ఒకావిడ లేచి కిటికీ దగ్గరికెళ్ళింది. "ఆ పుస్తకం నాకూ ఇవ్వమ్మా" అనడం వినిపించింది. మా అత్తగారు వెనక్కి తిరగలేదు. కానీ మెట్లు దిగేటప్పుడు ఆమె టోపీ రోజూ కంటే నిటారుగా ఉంది.

మంగళవారం వీధి తలుపు బార్లా తెరిచిపెట్టింది. సన్నెకల్లు ముందు కూర్చుని పొద్దుటి నుంచి ఎర్ర మిరపకాయలు నూరుతూనే ఉంది. ఎవరూ రాలేదు. సాయంత్రం, "అయ్యో, ఇంత కారం ఏం చేసుకుంటాం?" అన్నాను. "శనివారం వరకు ఉంటుందిలే" అంది. అప్పుడు తెలిసింది నాకు, కుండ పెడుతుందని.

ఆదివారం ఆరింటికి వాకిట్లో తొమ్మిది మందే ఉన్నారు. ఎప్పుడూ ఇరవైకి తగ్గరు. కాగితం ఊడదీసిన చోట తలుపు మీద తెల్లటి మచ్చ ఇంకా ఉంది. గవీనా దాని పక్కన నిలబడి, వచ్చేపోయేవాళ్ళందరికీ సోమవారం కథ చెబుతోంది. ఆమె కథలో పెర్సీ ఏడ్చాడు కూడా.

తొమ్మిదో మనిషి దోన్ సాతుర్నీనో. గిన్నె ముందుకు చాచాడు గానీ కళ్ళు పైకెత్తలేదు. మా అత్తగారు అతని గిన్నెలో రెండు ముక్కలు ఎక్కువే వేసింది.

"ఎక్కువైంది, దోన్యా ఎర్మెలిందా."

"తినండి. నవ్వడానికి బలం కావాలిగా."

అతని చెవులు మిరపకాయల్లా ఎర్రబడ్డాయి. "తప్పయిపోయింది" అన్నాడు అందరి ముందూ. మరుసటి ఆదివారం తన చెల్లెలి కుటుంబాన్ని కూడా వెంటపెట్టుకొచ్చాడు.

పన్నెండో పనిదినాన ఉత్తరం వచ్చింది. బుధవారం, పదకొండు గంటలకు. తలుపుకు కాగితం అంటించడం సంస్థ పద్ధతి కాదనీ, చింతిస్తున్నామనీ, ఆ ఉద్యోగి ఇకపై మా ఇంటికి రాడనీ, నిలిచిన రెండు వాయిదాలు చివర్లో కట్టవచ్చనీ రాశారు. కవరులో పన్నెండు సోల్‌లు కూడా ఉన్నాయి. మా అత్తగారు రెండుసార్లు చదివించుకుంది.

"రొకోటో మీద నేను రాయించిన జవాబే బాగుంది. ఇందులో మనిషి గొంతు లేదు" అంది.

ఇప్పుడు ప్రతి నెలా నాలుగో తారీఖున టోపీ పెట్టుకుని తనే వెళ్ళి వాయిదా కట్టి వస్తుంది. కుండలు గవీనా ఇంటి నుంచి తిరిగొచ్చాయి. పుస్తకం మేకుకెక్కింది. సన్నెకల్లు మాత్రం జరిగిన చోటే, వంకరగానే ఉంది. కూర్చోవడానికి వచ్చే ప్రతివాడికీ మోకాలు తగులుతుంది. రూబెన్ లారీ దిగి వచ్చినప్పుడల్లా సరిచేస్తానంటాడు.

"ఉండనీ" అంటుంది ఆమె. "తగిలినవాడు ఎందుకిలా ఉందని అడుగుతాడు. అడిగితే చెబుతాను."