గుసగుసలు వినే కొట్టు

మదురై దగ్గర తిరుమంగళం బజారులో సౌందరానికి పట్టుచీరల కొట్టు. అరవై దాటాక చెవులు మందగించాయి. ఎర్రంచు అడిగితే పచ్చంచు తీస్తోంది. చూడలేక కూతురు నివేదిత మదురై తీసుకెళ్లి చెవి మిషన్లు పెట్టించింది.

అవి ఫోనుతో కలిసి పనిచేస్తాయి. ఫోను ఎక్కడ పెడితే అక్కడి మాటలు నేరుగా చెవిలోకి వస్తాయి. ఒకనాడు సౌందరం ఫోనును చీరలు పరిచి చూపించే పరుపు మీద మరిచి గల్లాపెట్టె దగ్గరికి వచ్చింది. అక్కడ కూర్చున్న తల్లీకూతుళ్ల గుసగుస స్పష్టంగా వినిపించింది.

"చీర రొంబ బాగుండాది. అయినా నచ్చనట్టే మొహం పెట్టు."

ఆ బేరంలో సౌందరం ఒక్క మెట్టు కూడా దిగలేదు. అప్పటినుంచి ఫోను మరిచిపోవడం అలవాటు చేసుకుంది.

నివేదిత కనిపెట్టేసింది. "వాళ్లకు తెలీకుండా వినేది తప్పు కాదామ్మా?"

"ఇన్నేండ్లూ మొహాలు చూసి మనసు చదివినా. అప్పుడు లేని తప్పు ఇప్పుడెట్ల వచ్చె?"



ఆవణి నెల పెళ్లి ముహూర్తాల్లో కార్తీక అనే పెళ్లికూతురు అక్కతో, కాబోయే అత్తగారితో వచ్చింది. అత్తగారు ఎర్రచీర ఎంచి, ఇంకేవో చూడటానికి పక్కకు వెళ్లింది. కార్తీక అక్క చెవిలో గొణిగింది.

"ఎరుపంటే భయం అక్కా. అమ్మను అట్లాంటి చీర కట్టే కదా కాటికి పంపిస్తిమి."

గల్లాపెట్టె దగ్గర వింటున్న సౌందరం లేచి వచ్చింది. నెమలికంఠం రంగు చీర తీసి, పిల్ల ఒంటికి అదే కళ అని అత్తగారిని ఒప్పించింది. చీర మడత పెడుతూ, పిల్ల గడ్డం నిమిరి మెల్లగా అంది: "ఇంక అమ్మను తలుచుకుని భయపడొద్దు తల్లీ."

కార్తీక మొహం పాలిపోయింది. "మీకెట్ల తెలిసె అవ్వా?"

సౌందరం అబద్ధం ఆడలేకపోయింది. పరుపు మీది ఫోనునూ, చెవిలోని మిషన్నూ చూపించింది.

"మా నాయనకు కూడా చెప్పలేదు నేను" అంది కార్తీక. బట్టలు మార్చుకునేటప్పుడు తలుపు తోసుకొచ్చిన మనిషిని చూసినట్టు చూసింది. తల వంచుకుని బయటికి నడిచింది.

ఆ సాయంత్రం సౌందరం ఫోను కూతురి చేతికిచ్చింది. "దూరం మాటలు వినేదాన్ని తీసెయ్. మొహం వాళ్లే నాకు చూపిస్తారు. ఆ మాట నాకు చెప్పింది కాదు."

వారం తరవాత, కుచ్చులు వేయించమని కొట్టులో వదిలిన చీర కోసం కార్తీక అక్క ఒక్కతే వచ్చింది.

"కార్తీక రాలేదా?"

"రానంటా ఉంది అవ్వా. చీర మాత్రం ఇష్టమే."

సౌందరం సంచి అందించింది. ఇంకేమీ అడగలేదు.