తండ్రి వేషానికి వారసులు

మా ఆయనకు చచ్చిపోవడమంటే మహా సరదా. కంగారు పడకండి, స్టేజీ మీద. పిల్లలకు వేసవి సెలవులివ్వగానే మా న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీ తెలుగువాళ్ళం ఓ నాటకం వేస్తాం. వీర్రాజుగారనే పెద్దాయన మంచం పట్టి ఆస్తి పంచుతాడు, పిల్లలు కొట్టుకుంటారు, ఆయన పోతాడు. ఏటా అదే నాటకం, ఏటా అదే వీర్రాజుగారు: మా గోపాలం గారు. ఇంకెవరైనా ఇట్టే పోయే చోట ఈయన దగ్గి, మంచినీళ్ళడిగి, హాలంతా కలయజూసి, మళ్ళీ దగ్గితే గానీ పోరు.

ఈ నాటకానికి ఒకటే చిక్కు. వేసేవాళ్ళలో ఒక్కరికీ సొంతిల్లు లేదు. అందరూ రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగినవాళ్ళే. ఇల్లంటే ఉద్యోగంతో వచ్చి, రిటైర్మెంటుతో పోయేది. అలాంటివాళ్ళను ఇంటికోసం కొట్టుకోమంటే ఏం కొట్టుకుంటారు? పెద్దకొడుకు వేషం మా అబ్బాయి శ్రీరామ్‌ది. తాతలనాటి గోడ బీట తీసిందని గుండెలు బాదుకోవలసిన చోట, రిహార్సల్లో వాడు "కంప్లైంట్ రాసినారా?" అన్నాడు.

నాటకం ఆడించే విశ్వనాథ్ తల పట్టుకున్నాడు. "సొంతిల్లురా బాబూ, సొంతం! ఎవుడికి రాస్తావు కంప్లైంటు?"

ఈ ఏడు మావారికి మోకాళ్ళు మొరాయించాయి. ఇదే ఆఖరిసారి అన్నారు. మా దగ్గరో ఆనవాయితీ ఉంది. వేషం విడిచిపెట్టే మనిషే, ఆఖరి ఆటరోజు అందరి ముందూ, తన తరువాత ఆ వేషం ఎవరిదో చెప్పాలి. కమిటీ కల్పించుకోదు. పేరుకి కల్పించుకోదు గానీ, విశ్వనాథ్ అప్పుడే శ్రీరామ్‌ని ఖాయం చేసేశాడు.

"తండ్రి తరవాత కొడుకు. ఇందులో ఆలోసించడానికేటుంది?" అన్నాడు.

ఉంది. ఆ వేషం మా మైథిలికి కావాలి. మైథిలి శ్రీరామ్‌కి అక్క, రైల్వే ఆఫీసులో ఉద్యోగం. మేమంతా ఉంటున్న క్వార్టరు దాని పేరు మీదే. నాటకంలో మాత్రం అది తండ్రి మంచం పక్కన కూర్చుని ఏడ్చి, వాటాగా ఓ ఇత్తడి గంగాళం పుచ్చుకునే కూతురు.

"మీసం పెడితే నాను వీర్రాజుగారిలా ఉండనేటి?" అని అడిగింది కూడా. విశ్వనాథ్ పకపకా నవ్వాడు. శ్రీరామ్ నవ్వలేదు పాపం. ఫ్యాక్టరీ షిఫ్టులు చేసుకుంటూ అన్నేసి మాటలు బట్టీపట్టే ఓపిక వాడికెక్కడిది? మావారు పేపరు వెనక దాక్కున్నారు.

ఎందుకు దాక్కున్నారో నాకు తెలుసు. కొన్నేళ్ళుగా ఆయనకు మాటలు గుర్తుండటం లేదు. మైథిలి ఏడుస్తున్నట్టు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఒక్కో మాటా అందిస్తుంది, ఈయన అందుకుని గర్జిస్తారు. చప్పట్లు ఈయనకి. ఇందా పేట బజారులో వంకాయలు ఏరుతూ కూడా, "ఇన్నేళ్ళల్లో ఒక్క మాట తప్పినానేటి?" అని కనబడ్డవాళ్ళనల్లా నిలేస్తారు. మేం మాత్రం ఇంట్లో ఆ సంగతి ఎత్తం. మొగుడి పరువని నేను, నాన్న పరువని అది.

ఆటరోజు పొద్దున కాఫీ ఇస్తూ అడిగేశాను. "మైథిలి పేరు సెప్పండి. ఏటి మీకు నొప్పి?"

"కొడుకుండగా కూతురెందుకని అడిగితే ఏటి సెప్పమంటావే?"

చెప్పడానికి జవాబు ఒకటే. అది చెబితే ఆయన గొప్ప కాస్తా పోతుంది. నాకు ఒళ్ళు మండి, ఆ పూట కాఫీ రెండోసారి ఇవ్వలేదు.

సాయంత్రం కాలబైశాఖి, అదే మా ఊరి వేసవి గాలివాన, విసిరి పోయి చల్లబడటంతో హాలు నిండిపోయింది. ముందు వరసలో నేనూ, పక్కింటి సుజాతమ్మా కూర్చున్నాం. పంపకాల ఘట్టం వచ్చింది. మావారు మంచం మీంచి చెయ్యెత్తి, "ఇల్లు..." అని ఆగిపోయారు.

మైథిలి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇల్లు పెద్దవాడికి, పొలం చిన్నవాడికి, గంగాళం అమ్మాయికి" అని అందించింది. తనకు గంగాళమే అని తన నోటితోనే చెప్పుకుంది పిచ్చిపిల్ల. ఆయన పలకలేదు. అది మళ్ళీ అందించింది.

"ఇల్లు మా అమ్మాయికి" అన్నారాయన.

"పెద్దోడికి! పెద్దోడికి!" అని తెర వెనక నుంచి విశ్వనాథ్ అరిచాడు. ఆనందంతో తండ్రి కాళ్ళ మీద పడాల్సిన శ్రీరామ్‌కి ఏం చెయ్యాలో పాలుపోక, అలవాటైన మాటే వచ్చింది. "మరి నాను క్వార్టరు ఎప్పుడు ఖాళీ సెయ్యాల నాన్నా?"

హాలు గొల్లుమంది. ఎప్పుడో ఒకప్పుడు 'ఖాళీ చెయ్యండి' అన్న మాట పడనివాళ్ళు అక్కడెవరున్నారు? సుజాతమ్మ నవ్వు ఆపుకోలేక నా భుజం మీద వాలిపోయింది. మావారు లేచి కూర్చున్నారు.

"పడుకోండి గోపాలం గారూ!" అన్నాడు విశ్వనాథ్.

"ఉండవయ్యా, పోతాన్లే." జనం వైపు తిరిగారు. "నాను మర్సిపోయి సెప్పినాననుకుంటన్నారు. కాదు. మర్సిపోయినయ్యన్నీ ఇన్నాళ్ళూ ఈ ఆడగుంటే అందించింది. మీరు సప్పట్లు కొట్టింది దీని మాటలకి. మీకు నాను సెప్పుకున్న గొప్పంతా అబద్ధం. నా తరవాత ఈ వేషం మైథిలిది."

నాకు ఏడుపొచ్చింది. ఆయనతో కాపురం చేసినందుకు అంత గర్వం నాకెప్పుడూ కలగలేదు.

ఇక నాటకం ముగించాలి కదా. వాటా అందుకున్న కూతురు ఇక్కడ తండ్రి చెయ్యి పట్టుకుని, "నాకేమీ వద్దు నాన్నా, మీరుంటే చాలు" అనాలి. ఏటా అదే అంటుంది, ఆడవాళ్ళంతా కళ్ళొత్తుకుంటారు. మైథిలి ఆయన చెయ్యి పట్టుకుంది. నోటికి అడ్డంగా ఉన్న కొంగు తీసేసింది.

"నాకు కావాలి నాన్నా" అంది, వెనక బెంచీల దాకా వినిపించేటట్టు.