చదివినవాళ్లు మాట్లాడకూడదు

అబద్ధాలకోర్లు మీరు. పాత ఏలికలు దేశం నోట్లో కుక్కిన అబద్ధాలన్నీ కడిగేస్తామని, ఇకమీదట నగిషీల్లేని నిజం తప్ప ఒక్క వాక్యం కూడా రాయబోమని బల్లలు గుద్ది చెప్పింది మీరే. జర్మనీలో కాసెల్ ఊరి వెనక కొండమీద సత్రంలో ఏడాదికోసారి పోగై, ఒకరి రాతలొకరు విని, ఇది సాహిత్యం, ఇది చెత్త అని తీర్పులు చెప్పిందీ మీరే. మరి గెర్లిండె నిజం రాసుకుని మీ దగ్గరికొస్తే ముందుగా ఆమె చేతికేమిచ్చారు? బంగాళాదుంపలు చెక్కే కత్తి.

యుద్ధం ముగిసి ఆరేళ్లు. అక్టోబరు, శనివారం పొద్దున. నవలారచయిత్రి గెర్లిండె రూటర్ సంచీలో రెండో నవల పెట్టుకుని, మొగుణ్ణి వెంటపెట్టుకుని సత్రం మెట్లెక్కింది. మొగుడు హార్ట్‌విగ్‌ని లోపలికి రమ్మని, కోటు తీసి తగిలించి, కుర్చీ చూపించారు. గెర్లిండెని వంటింట్లోంచి ఇర్మ్‌గార్డ్ కేకేసింది. ఈ సభలు నడిపే ఎగ్‌బెర్ట్ గారి భార్య ఈవిడ.

"వచ్చావా తల్లీ! సమయానికొచ్చావు. వంటామెకి జ్వరం. ఇంతమంది మగాళ్లు మధ్యాహ్నానికి ఆవురావురుమంటూ వచ్చి పడతారు."

"నేను చదవడానికొచ్చానండీ."

"చదువుదువుగానిలే, ఎవరొద్దన్నారు? నీ వంతు భోజనాలయ్యాక కదా. దుంపలు ముందు ఉడకాలిగా!" అని నవ్వుతూ ఏప్రన్ అందించింది. "నేను పదిహేనేళ్లుగా ఈయన స్నేహితులకి వండి పెడుతున్నా. వీళ్లు రాసిందొక్కటీ నేను వినలేదు. వాళ్లు చదివే వేళకి నేను గిన్నెలు తోముతుంటా."

గెర్లిండె పీట లాక్కుని కూర్చుంది. సంచీని కాళ్ల మధ్య పెట్టుకుంది, తడి తగలకుండా.

కూర్చుని దుంపలు చెక్కుతుంటే, ఈ నవల తను ఎలా రాసిందో గుర్తొచ్చింది. మొదటి నవల రాసినప్పుడు ఇల్లంతా తనదే. ఇల్లంటే సగం గోడలు కూలిన రెండో అంతస్తులో ఒక గది. పగలు మిగతా ఆడవాళ్లతో వరసలో నిలబడి, కూలిన మేడల ఇటుకలకంటిన గచ్చుని సుత్తితో రాలగొట్టేది. తరవాత ట్రామ్‌లో కండక్టరు ఉద్యోగం దొరికింది. కూతురు ఉటెని నిద్రపుచ్చి, ఆ ఇటుకల ఆడవాళ్ల కథే నవలగా రాసింది. మొగుడు రష్యాలో ఖైదులో ఉన్నాడు. బతికున్నాడో లేడో తెలియదు. ఆకలి, చలి, బెంగ, అన్నీ ఉండేవి. కానీ "ఏం చేస్తున్నావక్కడ?" అని అడిగేవాడు లేడు. ఆ తరవాత హార్ట్‌విగ్ తిరిగొచ్చాడు. వచ్చిన నెలలోనే ట్రామ్ కంపెనీ మేనేజరు ఆమెని పిలిచి, "మీ ఆయన వచ్చాడటగా, సంతోషం! మగవాళ్లకి పనుల్లేవు, మీరిక హాయిగా ఇంటిపట్టున ఉండొచ్చు" అన్నాడు, ఏదో వరమిచ్చినట్టు. హాయి అంటే ఏమిటో ఆ మేనేజరు వచ్చి చూసుంటే బాగుండేది. అత్తగారు కూడా వాళ్లింటికే చేరింది. "నా కొడుకు సైబీరియాలో మంచు నాకి బతికాడు, వాడికి వేడి సూప్ ఇవ్వడానికి నీకు తీరికలేదా? కాగితాలు తర్వాత ఖరాబు చేసుకో." హార్ట్‌విగ్ ఏనాడూ కసిరినవాడు కాదు. మెత్తటి మనిషి. చీకటి పడితే ఇప్పటికీ తలుపుకేసి చూస్తూ కూర్చుంటాడు. ఆ మెత్తదనంతోనే, "రాసుకో గెర్లిండె, నేనేమైనా అడ్డమా? కాకపోతే నా చొక్కాలు..." అని ఆగిపోతాడు. మిగతా వాక్యం ఆమే పూర్తిచేసుకోవాలి, ఇస్త్రీపెట్టెతో. అలా చొక్కాకీ చొక్కాకీ మధ్య రాసింది ఈ రెండో నవల. ఖైదునుంచి తిరిగొచ్చిన మగవాడి భార్య కథ. "నాకు చూపించవేం?" అని అతను రెండుసార్లడిగాడు. "అయ్యాక" అంది. "ఆడదానివి ఒక్కదానివే అంతమంది మగాళ్ల మధ్యకి ఎలా పోతావ్" అని ఇవాళ వెంట వచ్చాడు.

ప్రచురణకర్త ల్యూడెకె కూడా వచ్చాడు. సభలో మెప్పు దొరికితే నవల తనే వేస్తానన్నాడు. దొరక్కపోతే కుదరదన్నాడు.

భోజనాలయ్యాయి. దుంపల కూర బ్రహ్మాండంగా ఉందని అందరూ మెచ్చుకున్నారు. ఆ రోజు ఆమెకి దొరికిన మెప్పు అదొక్కటే.

ఈ సభకో పద్ధతుంది. కిటికీ పక్కన ఒక కుర్చీ. అందులో కూర్చుని చదువుతున్నంతసేపు ఎవరూ నోరెత్తకూడదు, దగ్గొచ్చినా బయటికెళ్లి దగ్గాలి. చదవడం అయిపోయాక అందరూ మాట్లాడొచ్చు, చదివినవాళ్లు తప్ప. ఎంత తిట్టినా, ఎంత తప్పుగా అర్థం చేసుకున్నా, ఆ కుర్చీలో పెదవి కదపకుండా కూర్చోవాలి. మగవాళ్లకది పెద్ద పరీక్ష. చెమటలు పట్టి, పళ్లు నూరి, బయటికొచ్చి సారా తాగేవాళ్లు. గెర్లిండెకి మాత్రం కొత్తేముంది?

ఏడో అధ్యాయం చదివింది. అందులో ఆమె కథానాయిక, మొగుడు తిరిగొచ్చిన నాలుగో రోజు, వంటింట్లో నిలబడి ఉంటుంది. పిల్ల అతన్ని "అంకుల్" అని పిలుస్తుంది. అతను అలమర తెరిచి, ఎన్నేళ్లుగానో ఒకేచోట ఉన్న ఉప్పు డబ్బా తీసి వేరేచోట పెడతాడు. తరవాత పడుకుంటాడు. ఆమె అతని బూట్లు తుడుస్తూ కూర్చుంటుంది. అప్పుడు వస్తుంది ఆ వాక్యం: "ఒక్క మధ్యాహ్నం పాటు, ఆ ఒక్క మధ్యాహ్నం పాటు, అతను తిరిగి రాకపోయి ఉంటే బాగుండేదనుకుంది."

చదవడం ఆపి కాగితాలు ఒళ్లో పెట్టుకుంది. వెనక వరసలో హార్ట్‌విగ్ మెడ ఎర్రబడింది.

ముందుగా యోస్ట్ అందుకున్నాడు. తనూ నవలలే రాస్తాడు. యుద్ధరంగంలో పేను కుట్టిన వైనం మూడు పేజీలు రాసి ఈ గదిలోనే చప్పట్లు కొట్టించుకున్నవాడు. "ఉప్పు డబ్బా! ఉప్పు డబ్బా గురించి ఒక అధ్యాయం! అమ్మా, ఇది నవలా, అలమర సర్దుడా?"

నవ్వులు.

"వాక్యాలు బావున్నాయి, కాదనను" అన్నాడింకొకాయన. "కానీ ఏమిటీ రాక్షసి? మనం అక్కడ మంచులో గడ్డకట్టి చస్తుంటే మన పెళ్లాలు ఇలా అనుకున్నారంటే జనం మొహాన ఉమ్ముతారు."

"మా ఆవిడైతే నన్ను చూసి మూర్ఛపోయింది."

"నిన్ను చూస్తే ఎవరికైనా అంతేగదరా!"

మళ్లీ నవ్వులు. అంతవరకు గెర్లిండె తట్టుకుంది. తరవాత ఎగ్‌బెర్ట్ చెయ్యెత్తి అందర్నీ ఆపి, చాలా మర్యాదగా, గది వెనక్కి తిరిగాడు.

"రచయిత్రిని మనం అడగకూడదు, పద్ధతి. కానీ అదృష్టం కొద్దీ ఆమె భర్త ఇక్కడే ఉన్నారు. హార్ట్‌విగ్ గారూ, మీరు చెప్పండి. ఇలాగే జరిగిందా? ఇది నిజమా?"

హార్ట్‌విగ్ లేచి నిలబడ్డాడు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "అదీ... మా ఆవిడ ఆ రోజుల్లో బాగా అలిసిపోయి ఉండేదండి. నరాల బలహీనత. తనకి ఊహ ఎక్కువ. నేనిది ఇవాళే వింటున్నాను." ఆమెవైపు చూడలేదు. "ఆ వాక్యం తీయించే పూచీ నాది."

గదంతా ఊపిరి పీల్చుకుంది. ల్యూడెకె తల పంకించాడు. "అలాగైతే మనం మాట్లాడుకోవచ్చు. ఆ అధ్యాయమే తీసేస్తే పుస్తకం నిలబడుతుంది. ఒప్పందం సంగతి రాత్రి భోజనాలప్పుడు చూసుకుందాం, హార్ట్‌విగ్ గారూ."

గెర్లిండె నవల గెర్లిండె కళ్లముందే ఒక చేతినుంచి ఇంకో చేతికి మారింది. ఆమె నోరు మూసుకుని ఉండాలన్న పద్ధతి ఒక్కటే మారలేదు.

ఆమె కాగితాలు మళ్లీ చేతిలోకి తీసుకుంది. చివరి పేజీ వెనక్కి తిప్పి, గొంతు సవరించుకుని, చదవడం మొదలుపెట్టింది.

"'కొండమీద సత్రంలో ఆమె ఒక అధ్యాయం చదివింది. ఇది నిజమేనా అని అడిగారు. ఆమెని అడగలేదు, ఆమె మొగుణ్ణి అడిగారు.'"

యోస్ట్ ముందు వరసలో, ఆమె కుర్చీకి పక్కగా ఉన్నాడు. ఆ పేజీ వెనక ఒక్క అక్షరం లేదని అతనికి కనబడింది. నోరు తెరవబోయాడు. అలవాటు కొద్దీ ఎగ్‌బెర్ట్ చెయ్యెత్తి అతన్ని ఆపేశాడు. చదువుతున్నప్పుడు మాట్లాడకూడదు. ఆ తర్వాత ఎత్తిన చేతిని దించడం ఎలాగో ఎగ్‌బెర్ట్‌కే తెలియలేదు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. ఇర్మ్‌గార్డ్ తడిచేతులతో గుమ్మంలోకొచ్చి నిలబడింది.

"'ఆ మధ్యాహ్నం ఆమె ఏమనుకుందో అతనికెలా తెలుస్తుంది? అతను నిద్రపోతున్నాడు. ఆమె అతని బూట్లు తుడుస్తోంది. అతను చావాలని ఆమె ఏనాడూ కోరలేదు. నాలుగేళ్లు రొట్టెకోసం వరసల్లో నిలబడి, రోజూ అతని పేరు తలుచుకుంది. కానీ అతను వచ్చిన నెలకే ఆమె ఉద్యోగం పోయింది, రాసుకునే బల్ల పోయింది, తలుపు వేసుకునే హక్కు పోయింది. ఇవన్నీ ఎక్కడికి పోయాయని ఎవరూ అడగలేదు. మీరు ఖైదు గురించి రాస్తే నిజమైంది. ఆమె తన ఖైదు గురించి రాస్తే నరాల బలహీనతైంది. హార్ట్‌విగ్, నువ్వు చూసిన మంచుని నేను అబద్ధమనలేదు. నా వంటిల్లు అబద్ధమని నువ్వు సాక్ష్యం చెప్పకు.'"

హార్ట్‌విగ్ కూర్చున్నాడు. ఎవరూ దగ్గలేదు.

గెర్లిండె కాగితం పక్కన పెట్టింది. కుర్చీలోంచి లేవలేదు. ప్రచురణకర్తవైపు తిరిగి, ఇక చదువుతున్నట్టు నటించకుండానే మాట్లాడింది.

"ల్యూడెకె గారూ, పుస్తకం ఉన్నదున్నట్టు వెయ్యండి. ఏడో అధ్యాయంతో వెయ్యండి, ఆ వాక్యంతో వెయ్యండి. ఒప్పందం మాట్లాడాలంటే నాతో మాట్లాడండి. రాత్రి భోజనాల దాకా ఎందుకు? ఇప్పుడే, వీళ్లందరి ముందే చెప్పండి. వేస్తారా, వెయ్యరా?"