మొక్కు గడ్డం

అరవై ఎనిమిదిలో యూనివర్సిటీ హాస్టల్లో లక్ష్మీనర్సయ్య గడ్డానికి పెద్ద పేరు. పరీక్ష పాసయ్యేదాకా తీయనని మల్లన్నకు మొక్కానని చెప్పుకునేవాడు. అది నమ్మి రూమ్మేట్ పేరయ్య కూడా గడ్డం వదిలేశాడు, లెక్కల పేపరు గట్టెక్కాలని. అసలు సంగతి వేరు. లక్ష్మీనర్సయ్యది గాటు పడితే నెత్తురు ఆగని జబ్బు, ఎక్కడో ఒకరికి వచ్చేది. మంగలి కత్తి అంటే అతనికి యముడే. నిజం చెబితే జాలి పడతారు, మొక్కంటే గౌరవిస్తారు.

అలాంటివాడికి దవడ పన్ను పుచ్చింది. ముషీరాబాద్‌లో ఒక పళ్ల డాక్టరు, లాలాగూడలో ఇంకొకరు, జబ్బు మాట వినగానే చేతులెత్తేశారు. నిజం చెప్పి రెండుసార్లు గుమ్మం దిగినవాడు మూడోచోట చెబుతాడా? తార్నాకలో డాక్టర్ కాత్యాయని, నెత్తురు కారే జబ్బేమన్నా ఉందా అని అడిగితే, "ఏం లేదు డాక్టరమ్మా, గట్టిగ గుండులెక్కున్న" అన్నాడు.

స్టవ్ మీద సూదులు మరుగుతున్నాయి. ఆవిడ అతని తలకేసి చూసింది.

"మరి ఈ గడ్డమేంది?"

"మల్లన్న మొక్కు."

"మల్లన్న గడ్డమొక్కటే అడిగిండా? క్రాపు మొన్ననే కొట్టించినట్టున్నవ్."

మొక్కంటే తలా గడ్డమూ రెండూ ముట్టరాదు. హాస్టల్లో ఒక్కడికీ తట్టని సంగతి.

"సరే, గడ్డం అడ్డమొస్తున్నది. పక్క మంగలి షాపు వీరస్వామిని కత్తి తీస్కొని రమ్మంటా" అంటూ ఆవిడ లేచింది.

"వద్దమ్మా. క్రాపంటే కత్తెరతోనే కొట్టిస్త. కత్తి తగిల్తె నాకు నెత్తురు ఆగది. చెప్తే మీరు గూడ పొమ్మంటరని..."

ఆవిడకు ఒళ్లు మండింది. "ఈ పన్నుకు దవడ వెనక లోతుగ మత్తుసూది ఇస్తం. నీకిస్తే లోపల్లోపలే నెత్తురూరి గొంతు మూస్కుంటుండె. పన్ను కోసం వచ్చి పానం ఇచ్చిపోదువు."

తిట్టింది గానీ పొమ్మనలేదు. పెద్దాసుపత్రికి తీసుకెళ్లి, అక్కడి డాక్టర్లతో మాట్లాడి, ముందు నెత్తురు గడ్డకట్టించే ప్లాస్మా ఎక్కించింది. లోతు సూది మానేసి, పన్ను పక్క చిగుళ్లలోనే సన్న సూదితో కొద్దికొద్దిగా మత్తుమందిచ్చి పన్ను తీసింది. పుండు మానేదాకా అక్కడే ఉంచింది. ఇద్దరు వద్దన్న తనను ఒకరు పట్టించుకున్నారని లక్ష్మీనర్సయ్యకు ఏడుపొచ్చింది.

ఇక అబద్ధం నోట రాలేదు. హాస్టల్‌కొచ్చి పేరయ్యకు ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

"నీకైతే రోగమున్నదిర" అన్నాడు పేరయ్య, గడ్డం బరబరా గోక్కుంటూ. "మరి నాకేమున్నదని ఎండకాలమంత పెంచిపిచ్చినవ్?"